బానే ఉన్నా

విజయవాడలో ఎక్కిన బస్సు మైలవరం దాటగానే నాకు కడుపునొప్పి మొదలవుతుంది. నాన్న పోయాక ఏడాదిగా ఇదే వరస. ఎండోస్కోపీ చేయించుకున్నాను, ఏమీ లేదన్నారు. మసాలాలు మానేశాను, టీ మానేశాను. నొప్పి మాత్రం మానలేదు.

చివరికి ఒక కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాను. "నాన్నగారు పోయినప్పుడు మీకేమనిపించింది?" అని అడిగారావిడ. అంబులెన్స్‌కి ఎంతయిందో, డెత్ సర్టిఫికెట్ కోసం ఎన్నిసార్లు తిరిగానో, పెదకర్మకి ఎంతమంది వచ్చారో వరసగా చెప్పాను. అంతా విని, "ఇదంతా జరిగింది. మీకేమనిపించింది?" అన్నారు మళ్ళీ. సిలబస్‌లో లేని ప్రశ్న వచ్చినట్టు చూశాను.

దీనికో పేరుందని ఆ రోజే తెలిసింది: అలెక్సిథైమియా. 1970ల మొదట్లో పీటర్ సిఫ్నియోస్ అనే సైకియాట్రిస్టు గ్రీకు మాటలు కలిపి పెట్టిన పేరు. మనసులో ఉన్నదానికి మాట లేకపోవడం అని అర్థం. ఒంటి బాధలతో వచ్చే పేషెంట్లలో కొందరు తమకేమనిపిస్తోందో చెప్పలేకపోవడం ఆయన గమనించాడు. ఇది జబ్బు కాదు, కొందరిలో ఎక్కువగా, కొందరిలో తక్కువగా ఉండే లక్షణం. డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది. ఏది ముందు, ఏది వెనక అని తేల్చడం కష్టం. నా వరకు అర్థమైంది ఇంతే: లోపలున్నది భయమో దిగులో తెలియనప్పుడు, ఎవరికి ఏమని చెప్పుకోవాలో కూడా తెలియదు.

నాకు మాటలు రావనడానికి లేదు. కథల్లో పాత్రది బెంగా, గుబులా, ఉక్రోషమా అని ఫ్రెండ్స్‌తో వాదిస్తాను. ఇంటి నుంచి ఫోనొస్తే మాత్రం ఒకటే మాట, "బానే ఉన్నా." నాన్నా అంతే. తిరువూరులో మా మామిడితోటలో గాలివానకి కాయంతా రాలిపోయిన ఏడు, "తలనొప్పిగా ఉంది" అని పడుకున్నారు.

మొన్న ఉగాదికి వెళ్తుంటే మళ్ళీ నొప్పొచ్చింది. టాబ్లెట్ వేసుకోకుండా ఆలోచించాను, సరిగ్గా ఇక్కడే ఎందుకని. బస్సు ఇక్కడికొచ్చేసరికే నాన్న ఫోన్ చేసేవారు, "ఎందాకా వచ్చావమ్మా?" అని. నేను దిగేసరికి బస్టాండు బయట బండి మీద ఉండేవారు.

ఇంటికెళ్ళాక అమ్మకి చెప్పాను. "ఇది కడుపునొప్పి కాదమ్మా, నాన్న మీద బెంగనుకుంటా."

అమ్మ ఉగాది పచ్చడికి మామిడికాయ తరుగుతోంది. కాసేపు మాట్లాడలేదు. "నావీ మోకాళ్ళ నొప్పులు కావేమోనే" అంది.

నొప్పి పోలేదు. తిరుగు ప్రయాణంలోనూ వచ్చింది. మైలవరం దగ్గర అమ్మ ఫోన్ చేసి, "ఎలా ఉన్నావే?" అంది.

"బానే" అనబోయి, ఆగాను.