పెనుకొండ నుంచి కాన్సర్ట్‌కి పోవాలంటే...

"టికెట్ ఎంతప్పా?" అని మా ఊళ్ళో ఎవరన్నా అడిగితే నేను రెండు అంకెలు చెప్తాను. ఒకటి యాప్‌లో కనిపించేది. రెండోది పెనుకొండలో బండెక్కి, మళ్ళీ పెనుకొండలో దిగేలోపు అయ్యేది. మొదటి అంకె మీద ఇన్‌స్టాలో అందరూ ఏడుస్తారు. రెండోది మా బోటి ఊళ్ళవాళ్ళకి మాత్రమే తెలుసు.

మాది శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ. కొండ మీద కోట, కింద గగన్ మహల్, బాబయ్య దర్గా, పడుకున్న కుంభకర్ణుడి పెద్ద విగ్రహం. రీల్స్‌లో చూసే ఉంటారు. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజులు హంపి వదిలి రాజధానిని ఇక్కడికే తెచ్చుకున్నారు. ఇప్పుడు బెంగళూరు ఆఫీసులో ఊరి పేరు చెప్తే "ఓ, కియా ఫ్యాక్టరీ దగ్గరా?" అంటారు. సరే, అలాగైనా గుర్తుపడుతున్నారు కదా.

ఊరి పక్కనే 44వ నంబర్ జాతీయ రహదారి. దాని మీద బెంగళూరు సుమారు 140 కిలోమీటర్లు, హైదరాబాద్ నాలుగు వందలకు పైనే, విజయవాడ అంతకన్నా దూరం. మన రాష్ట్రంలో జరిగే కాన్సర్ట్ కంటే పక్క రాష్ట్రంలో జరిగేదే మాకు దగ్గరన్నమాట. 2025 ఫిబ్రవరి 15న విజయవాడలో తమన్ మ్యూజికల్ నైట్ జరిగింది. మా స్కూల్ వాట్సాప్ గ్రూపులో దాని మాటే రాలేదు. అంతకు ముందు వారం, 8, 9 తేదీల్లో బెంగళూరులో ఎడ్ షీరన్ పాడితే మాత్రం గ్రూపు మోగిపోయింది.

9వ తేదీ ఆదివారం. ఊరి నుంచి ముగ్గురు కారులో వచ్చారు, నేను బెంగళూరులో కలిశాను. షో తుమకూరు రోడ్డులో మాదావర దగ్గర నైస్ గ్రౌండ్స్‌లో. అక్కడికి మెట్రో వచ్చి అప్పటికి మూడు నెలలే. కారు పార్కింగ్ గొడవ ఎందుకని మెట్రో ఎక్కితే, సరిగ్గా ఆ రోజు నుంచే బెంగళూరు మెట్రో ఛార్జీలు పెంచారు. గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలకు పోయింది. మా లెక్కలో ఆ ముప్పై కూడా పడింది.

ఆ లెక్కలో ఇంకా ఏముంటాయంటే: పెట్రోలు, బాగేపల్లి దగ్గర ఒక టోలు, దేవనహళ్ళి దాటాక ఇంకోటి. గ్రౌండ్ లోపలికి వాటర్ బాటిల్ రానివ్వరు కాబట్టి లోపల నీళ్ళు, తిండి. రాత్రి పదికి లౌడ్‌స్పీకర్లు ఆపాలన్నది దేశమంతటా ఉన్న రూలు, అందుకని షో అప్పటికి అయిపోతుంది. కానీ ఆ గుంపులోంచి బయటపడి, కారు దగ్గరికి చేరి, ఊరు దాటి హైవే ఎక్కేసరికి అర్ధరాత్రి దాటింది. వాళ్ళు పెనుకొండ చేరేసరికి తెల్లవారుజాము. సోమవారం ముగ్గురికీ జీతం కోత. మా నాలుగు టికెట్ల ధర ఇక్కడ రాయను, మా అమ్మ ఈ పేజీ చదువుతుంది.

అయినా ఆ రాత్రి శిల్పారావు స్టేజీ మీదికి వచ్చాక, ఎడ్ షీరన్ ఆమెతో కలిసి 'దేవర'లోని 'చుట్టమల్లే' తెలుగులో పాడాడు. ఇంగ్లండ్ మనిషి, కన్నడ నేల, తెలుగు పాట. పక్కనున్న కన్నడ అమ్మాయిలు మాకంటే గట్టిగా పాడారు. మా ముగ్గురిలో ఒకడు "పైసలు వచ్చేసినాయిలే" అన్నాడు. నాకూ అట్లాగే అనిపించింది.

తమాషా ఏమిటంటే, అదే రోజు ఉదయం అదే మనిషి చర్చ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద గిటార్ పట్టుకుని ఊరికే పాడుతుంటే పోలీసులు వచ్చి వైరు పీకేశారు. ఆ రోజు మొత్తంలో ఉచిత కాన్సర్ట్ అదొక్కటే.

ధరలు ఎందుకు ఇట్లా పెరిగాయి? నిర్వాహకుల ఆశ ఒక్కటే కారణం కాదు. క్యాసెట్లు, సీడీలు అమ్ముడుపోయిన రోజుల్లో కాన్సర్ట్ అంటే ఆల్బమ్‌కి ప్రచారం. ఇప్పుడు పాట ఫోన్లో దాదాపు ఫ్రీ. గాయకుడి సంపాదన స్టేజీ మీదికి మారింది. దానికి తోడు మన దగ్గర ఇలాంటి షోల కోసమే కట్టిన వేదికలు చాలా తక్కువ. ఖాళీ మైదానంలో స్టేజీ, ఎల్‌ఈడీ తెరలు, జనరేటర్లు, టాయిలెట్లు, కంచెలు అన్నీ రెండు రాత్రుల కోసం నిలబెట్టి మళ్ళీ పీకేయాలి. పైన 18 శాతం జీఎస్టీ. టికెట్ 500 దాటకపోతే ఆ పన్ను లేదు, కానీ 500కి ఈ సైజు షో ఎక్కడుంది? మూడు వేల టికెట్‌కి 540 పన్నుకే పోతుంది.

కోల్డ్‌ప్లే వాళ్ళు 2025 జనవరిలో ముంబై వచ్చినప్పుడు టికెట్లు 2,500 నుంచి 35,000 దాకా పెట్టారు. బ్లాకులో లక్షలు చెప్పారని వార్తలొచ్చాయి. తక్కువ డబ్బున్నవాళ్ళ కోసం 2,000 రూపాయల ఇన్ఫినిటీ టికెట్లు కూడా ఇచ్చారు. జంటగానే కొనాలి, సీటు ఎక్కడో అక్కడికి పోయాకే తెలుస్తుంది. మంచి ఆలోచనే, ముంబైలో ఉండేవాళ్ళకి. పెనుకొండవాడికి 2,000 టికెట్ దొరికినా ప్రయాణం, బస కలిపితే అది చవక టికెట్ కాదు.

సంగీతానికి బడ్జెట్ దాటడం మా వైపు కొత్త కాదు. హిందూపురం దగ్గరి లేపాక్షి గుడి చూశారా? నాట్య మండపం స్తంభాల మీద బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు, తుంబురుడు వీణ పట్టుకుని ఉంటాడు, రంభ ఆడుతుంటుంది. రాతిలో ఫుల్ బ్యాండ్. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ అచ్యుతరాయల కాలంలో పెనుకొండలో కొలువు చేసిన అధికారి. రాజుగారి ఖజానా అడగకుండా గుడికి ఖర్చు పెట్టాడనీ, శిక్ష పడేలోపు తన కళ్ళు తనే పెరుక్కున్నాడనీ కథ చెప్తారు. కథ నిజమో కాదో గానీ కల్యాణ మండపం మాత్రం ఇప్పటికీ సగంలోనే ఉంది.

ఆ తర్వాత కూడా పాట ఖర్చు వినేవాడి మీద పడింది తక్కువ. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వానలు పడకపోతే ఊరే చందాలేసుకుని బొమ్మలాట ఆడించేది, రాత్రంతా హార్మోనియం, మద్దెల, పాట. "చాప ఎత్తుకుని పోతే చాలు" అనేది మా అవ్వ. డబ్బున్నవాడు ఎక్కువ ఇచ్చేవాడు, లేనివాడు శేరు గింజలు. ముందు కూర్చోవడానికి ముందు రావడమే లెక్క. ఇప్పటికీ బాబయ్య ఉరుసులో ఖవ్వాలీ వినడానికి ఎవరూ క్యూఆర్ కోడ్ చూపించరు.

ఇదంతా రాయడానికి కారణం మా చిన్నాయన కొడుకు. హైవే పక్కన ఒక విడిభాగాల యూనిట్లో కాంట్రాక్ట్ పని, సీజన్లో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్ వాయిస్తాడు. మా ఇంట్లో సంగీతం నిజంగా తెలిసింది వాడికే, నేను ఊరికే అరిచే రకం. పెద్ద కాన్సర్ట్ ఒక్కటీ చూడలేదు. వాడు ధరను రూపాయల్లో లెక్కపెట్టడు, రోజుల్లో లెక్కపెడతాడు. "టికెట్ ఆరు రోజులు, కారు వాటా రెండు, మర్నాడు షిఫ్టు ఒకటి. తొమ్మిది రోజులు రెండు గంటలకా అన్నా?"

కోల్డ్‌ప్లే అహ్మదాబాద్ షో జనవరి 26న హాట్‌స్టార్‌లో లైవ్ వచ్చింది కదా, వాడు ఫోన్లో మొత్తం చూశాడు. నేను ఎడ్ షీరన్ షో నుంచి వచ్చాక వాడడిగిన మొదటి ప్రశ్న పాటల గురించి కాదు.

"వెనకాల నిలబడితే తెర మీద దెబ్బకీ, చెవిలో దెబ్బకీ తేడా వస్తాందా?"

వస్తుందన్నాను. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది, 170 మీటర్ల వెనక ఉంటే అర సెకను లేటు. అందుకే మధ్యలో ఇంకో వరస స్పీకర్లు పెట్టి, వాటిని లెక్కగా ఆలస్యం చేసి వదులుతారు. వాడు కాసేపు ఆలోచించి, సౌండ్ మిక్సర్ ఎక్కడ పెడతారని అడిగాడు. జనం మధ్యలోనే, చాలాసార్లు ఖరీదైన జోన్ అయిపోయే కంచె దగ్గర.

"అయితే ఖరీదు టికెట్ ఎందుకు? చవకది తీసుకుని ఆ కంచెకి ఆనుకుని నిలబడితే వాళ్ళు వినేదే నాకూ వినబడుతుంది కదా."

ఇన్ని షోలు చూసిన నాకు ఇది తట్టలేదు. బెంగళూరులో తర్వాతి పెద్ద షోకి మొదటి ఫేజ్ టికెట్ తెరుచుకోగానే వాడికొకటి కొట్టేయాలని అలారం పెట్టుకున్నాను. చిక్కు ఒక్కటే. ఆ కంచె దగ్గర చోటు దొరకాలంటే మధ్యాహ్నమే గేటు ముందుండాలి, అంటే పెనుకొండలో పొద్దున్నే బయల్దేరాలి. ముందురోజు నైట్ షిఫ్ట్ వదులుకుంటే పది రోజులవుతుందని వాడు మళ్ళీ లెక్క మొదలుపెట్టాడు.