మోటారుబండి వెల

వెల హెచ్చినకొలది వస్తువు మేలగునను నమ్మకము పట్టుచీరల విషయమున కొంత నిజము. మోటారుకార్ల విషయమున ఎంత నిజమో చూడవలసియున్నది. విద్యుచ్ఛక్తితో నడచు కార్లు వచ్చినప్పటినుండి ఈ ప్రశ్న మా నర్సీపట్నమువంటి చిన్నయూళ్ల వంటయిండ్లలోనికిని వచ్చినది.

ఈ బండ్లు క్రొత్తవని మనమనుకొందుము గాని, కావు. గంటకు నూరు కిలోమీటర్ల వేగమును మొట్టమొదట దాటిన కారు 1899లో జెనాట్జీ యను బెల్జియము దేశస్థుడు నడపిన విద్యుత్కారే. పెట్రోలుకార్లను ఇంటింటికి చేర్చిన హెన్రీఫోర్డుగారి భార్య క్లారా తాను మాత్రము విద్యుత్కారును నడపుకొనెడిదట! అందు వింతలేదు. ఆనాటి పెట్రోలుబండిని ముందువైపున హాండిలు త్రిప్పి కదలింపవలసియుండెను. అది స్త్రీలకు దుర్భరము. 1912లో ఆ హాండిలు అక్కరలేని యేర్పాటు వచ్చినది, పెట్రోలుబండ్ల వెలయు తగ్గినది, విద్యుత్కార్లు మూలబడినవి.

విలాసపు పందెపుబండ్లను గూర్చి నాకు చెప్పవలసినది స్వల్పము. పోర్షే కంపెనీవారి టైకాన్ అను విద్యుత్కారు 2021 నవంబరులో మనదేశమున అమ్మకమునకు వచ్చినప్పుడు దాని వెల ఒకటిన్నర కోటి రూపాయలు మొదలు. అప్పుడందు మిక్కిలి వడిగల రకము నిలిచినచోటినుండి 2.8 సెకనులలో నూరు కిలోమీటర్ల వేగము నందుకొనెడిది. అందుకొని ఎక్కడికి పోవలెను? 2018లో కేంద్రప్రభుత్వమువారు నాలుగువరుసల రహదారులమీద సయితము కార్లకు విధించిన గరిష్ఠవేగము ఆ నూరే. మా చింతపల్లి ఘాటురోడ్డుమీదనన్ననో, మలుపు తిరుగగానే ఆవులమంద యెదురగును. నలుడు తోలిన రథమునుండి జారిన ఋతుపర్ణుని యుత్తరీయము మరుక్షణమున ఆమడ వెనుకబడెనని భారతమున చదివినాము. కాని ఆనాడు వారికి ఒక్కదినములో విదర్భ చేరవలసిన పని యుండెను.

సామాన్యపు విద్యుత్కారు మాట వేరు. అందు వెలలో పెద్దభాగము బాటరీదే. అనగా ముందు రాబోవు సంవత్సరముల పెట్రోలు ఖర్చులో కొంత నేడే చెల్లించుచున్నామన్నమాట. ఆ సొమ్ము తిరిగి వచ్చునా యనునది బండినిబట్టి కాక, మన రాకపోకలనుబట్టి యుండును.

నా మరదలు ఈ లెక్కయే నన్ను అడిగినది. విశాఖపట్నమున దుకాణము నడపుచున్న మా తమ్ముడు, పెట్రోలుకారుకంటె నాలుగులక్షలు హెచ్చయిన విద్యుత్కారు కొనదలచి, ఆ నాలుగులక్షలకు ఆమె బంగారము కుదువపెట్టుదు ననుచున్నాడు. "వదినగారూ, ఆ బండి నా గొలుసులను విడిపించునా?" యని యామె ప్రశ్న.

కాగితము తీసి వ్రాసితిని. పెట్రోలు లీటరు 110 రూపాయలు, దానికి 15 కిలోమీటర్లనుకొన్నచో కిలోమీటరునకు ఏడురూపాయల పైచిలుకు. ఇంటి కరెంటు యూనిటు 8 రూపాయలు, దానికి 6 కిలోమీటర్లనుకొన్నచో రూపాయిన్నరకు లోపు. మిగులు ఆరురూపాయలు. దినమునకు నూరు కిలోమీటర్లు తిరుగు టాక్సీవానికి నాలుగులక్షలు రెండేండ్లు నిండకుండనే తిరిగివచ్చును. మా తమ్ముడు తిరుగునది పది కిలోమీటర్లు. ఏటికి మిగులునది 21,900 రూపాయలు. నాలుగులక్షలకు నూటికి పదివంతున వడ్డీయే 40,000! ఇక గొలుసు లెట్లు విడిపడును? పైగా వారుండునది మూడవయంతస్తున అద్దెయిల్లు. క్రింద ప్లగ్గు పెట్టుకొనుటకు ఇంటియజమాని సమ్మతింపలేదు. వీధిలోని చార్జింగుకేంద్రములలో యూనిటు వెల ఇంటిదానికంటె చాల హెచ్చు.

బండియందు గుణము లేదనను. పెట్రోలుబండిలో కాలిన నూనెశక్తిలో అధికభాగము వేడియై పోవును. విద్యుత్కారులో అధికభాగము చక్రములకు చేరును. లంబసింగినుండి దిగునప్పుడు మోటారు తిరుగబడి బాటరీలోనికి కొంత కరెంటు పంపును గూడ. పొగలేదు, మోతలేదు.

మా తమ్ముడు కాగితము చూచి, "అక్కా, ఆ నిశ్శబ్దసుఖమునకు నీవు వెలకట్టలేదే!" యనెను. అది బంగారము గలయామెనే యడుగుమంటిని. ఆమె యింకను ఆలోచించుచున్నది.