చొక్కా తడవని చెమట

కోనసీమ ఎండలో పనిచేసే మేస్త్రీకి చెమట కంటికి కనిపిస్తుంది. చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. తువ్వాలు పిండితే నీళ్లు కారతాయి. అదే మనిషి కువైట్ వెళితే మొదటి వారంలోనే ఆశ్చర్యపోతాడు. ఎండ నిప్పులు చెరుగుతున్నా చొక్కా పొడిపొడిగానే ఉంటుంది!

చెమట పట్టక కాదు. ఎడారి గాలి దాన్ని పుట్టింది పుట్టినట్టే పీల్చేస్తుంది. బరువు పని చేస్తే గంటకు లీటరు, ఒక్కోసారి అంతకుమించి పోతుంది. మిగిలేది చొక్కామీద తెల్లటి ఉప్పు చారలే. దాహం వేశాక తాగుదామనుకుంటే అప్పటికే ఆలస్యం.

కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ నిబంధన. మంచిదే. కానీ ఉదయం తొమ్మిదింటి ఎండ మాత్రం తక్కువా?

నీళ్లు పక్కనే ఉన్నా తాగనివాళ్లుంటారు. మరుగుదొడ్డి దూరం, కలిపిన సిమెంటు గట్టిపడుతుంది, ఎవరు వెళ్లొస్తారు? ఈ బిగపట్టడమే ప్రమాదం. ఒళ్లు పదేపదే ఎండిపోతే దెబ్బ కిడ్నీలకు తగులుతుంది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన యువకులు డయాలసిస్‌కు చేరడం నేపాల్ వైద్యులు చూశారు.

పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగాలి. అలాగని సీసాలకు సీసాలు ఒకేసారి పట్టించకూడదు. వట్టి నీళ్లే పోస్తే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు వస్తాయి. చూసేవాళ్లు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తారు! అందుకే పొద్దున తిండి మానకూడదు. అక్కడి దుకాణాల్లో దొరికే లబన్ మన మజ్జిగకు అన్నలాంటిది. చిటికెడు ఉప్పు వేసుకుంటే చాలు.

పాత కాపులు కూడా ఏమరుపాటున ఉండే సమయం ఒకటుంది. ఎండకు అలవాటుపడ్డ ఒళ్లు కొన్ని వారాలు దూరమైతే ఆ అలవాటు మరిచిపోతుంది. సెలవుపై వచ్చి, రెండు నెలలు ఇంటిపట్టున ఉండి జూన్‌లో తిరిగెళ్లినవాడు పదేళ్ల అనుభవం ఉన్నా కొత్తవాడే. మళ్లీ అలవాటు కావడానికి వారం, రెండు వారాలు పడుతుంది.

రాత్రి ఫోన్‌లో ఇంటావిడ మొదట అడిగేది ‘ఏవండీ, తిన్నారా?’ అనే. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తోందని ఆయన చెప్పడు. ఆవిడా అడగదు.