ఇల్లంతా పట్టే లెన్సు

2009 వేసవిలో నేనొక లెన్సు కొన్నాను. దానికి నెల రోజుల ముందు కోనసీమ నుండి మా బాబాయి ఫోన్ చేశాడు. పంపకాలు పూర్తయ్యాయనీ, ఇంకొక్క సంక్రాంతి అక్కడ చేసుకొని, ఆ తరువాత తాతగారు కట్టించిన మండువా లోగిలిని విప్పించివేస్తారనీ చెప్పాడు. “నీ దగ్గర కెమెరా ఉందిగా, ఒకసారి వచ్చి ఇల్లంతా ఫోటో తీసిపెట్టరా” అన్నాడు. ‘ఇల్లంతా’ అన్న ఆ ఒక్క మాట నన్ను చిక్కులో పడవేసింది.

మండువా ఎరుగని వారికి ఒక మాట చెప్పాలి. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ స్తంభాల వసారాలు, వాటి వెనుక గదులు. వాన కురిస్తే నాలుగు చూరుల నీళ్ళు నడిమి గుంటలో పడి, తూము గుండా పెరటిలోకి పోయేవి. అటువంటి ఇంటిలో ఎక్కడ నిలుచున్నా, రెండడుగులు వెనుకకు వేద్దామంటే వీపుకు గోడ తగులుతుంది.

నా నికాన్ డి90 కెమెరాతో వచ్చిన లెన్సు నాభ్యంతరం 18 మిల్లీమీటర్లకు తగ్గదు. సెన్సారు వెడల్పును నాభ్యంతరంతో భాగించి, మనం నిలుచున్న దూరంతో గుణిస్తే, ఎంత మేర ఫోటోలో పడుతుందో తెలుస్తుంది. నా సెన్సారు వెడల్పు 23.6 మిల్లీమీటర్లు. 12 అడుగుల దూరం నుండి నాకు దక్కేది 16 అడుగులకు కొంచెం తక్కువ. 36 మిల్లీమీటర్ల వెడల్పు గల పాత ఫిల్ము మీద అయితే అదే 18 మిల్లీమీటర్ల లెన్సు 24 అడుగులు పట్టేది. సెన్సారు చిన్నదైనందువల్ల అంచులు కోసుకుపోతున్నాయన్నమాట. 10 మిల్లీమీటర్లయితే 28 అడుగులు వస్తాయి. మా మండువాకు అది చాలును.

హైదరాబాదులో కోఠిలోని ఒక దుకాణానికి వెళ్ళాను. యజమాని రెండు లెన్సులు బల్ల మీద పెట్టాడు. ఒకటి 2008లో వచ్చిన టోకినా 11-16. దాని ద్వారం ఎఫ్ 2.8 వరకు తెరుచుకొంటుంది కనుక మసక వెలుతురుకు మంచిది. మరొకటి 2005 నాటి సిగ్మా 10-20. దాని ద్వారం ఎఫ్ 4 దగ్గరే ఆగిపోతుంది, అయితే మరికొంత వెడల్పుగా చూస్తుంది. చేపకన్ను లెన్సు కూడా చూపబోయాడు గాని నేను వద్దన్నాను. అది దూలాలను విల్లులా వంచుతుంది.

“ఇళ్ళు అమ్మేవాళ్ళు ఈ పది మిల్లీమీటర్లదే పట్టుకుపోతారు సార్. పది గజాల గది పాతిక గజాల్లా కనిపిస్తుంది” అన్నాడు యజమాని. ఆ మాటను నేను ప్రశంసగానే తీసుకొన్నాను. ఇల్లు కదలదు, మూడు కాళ్ళ స్టాండు ఉంటే మసక వెలుతురుతో పని లేదు. ఇలా తర్కించుకొని సిగ్మా కొన్నాను. ఆ నెల జీతంలో మిగిలినది బస్సు చార్జీలకు సరిపోయింది.

ఊరు చేరిన రోజే వసారా మూల నుండి 10 మిల్లీమీటర్ల వద్ద తొలి ఫోటో తీసి, కెమెరా తెర మీద నాయనమ్మకు చూపించాను. ఆమె కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూసింది.

“ఇదెవరిల్లురా?”

“మనదే నాయనమ్మా.”

“ఇంత పెద్దదైతే మీ తాతయ్య పెళ్ళిళ్ళకు బయట పందిరెందుకు వేయించాడు? ఆ మూలనున్నది నా మంచమా? అగ్గిపెట్టెలా ఉందేమిటి?”

ఆమె తప్పు పట్టింది లెన్సునని అనుకొన్నాను, తప్పు నాది. నాలుగు గోడలూ పట్టాలన్న ఆశతో మూలకు ఒదిగి, పక్కనున్న స్తంభానికి అంగుళాల దూరంలో కెమెరా నిలిపాను. దగ్గరిది భూతంలా పెరగడం, దూరానిది చిక్కిపోవడం మనం నిలుచున్న చోటును బట్టి జరుగుతాయి. అంచున కూర్చున్న బాబాయి తల గుమ్మడికాయలా సాగింది. గీతలు తిన్నగా ఉండాలంటే అంచులు అలా సాగక తప్పదు. పైకప్పు కోసం కెమెరాను కాస్త పైకెత్తాను కాబోలు, స్తంభాలన్నీ లోపలికి ఒరిగాయి.

మరునాడు తాపీమేస్త్రి వద్ద రసమట్టం అడిగి తెచ్చి, కెమెరా మట్టం సరిచేశాను. 14 మిల్లీమీటర్లకు తగ్గాను. “నీకు ఈ ఇంట్లో ఏది దగ్గర?” అని అడిగితే నాయనమ్మ ఉయ్యాల బల్ల చూపించింది. దానిని ముందుంచి, ఆమె కూర్చుంటే కళ్ళు ఎంత ఎత్తున ఉంటాయో అంత ఎత్తున కెమెరా పెట్టాను. రెండు గదులూ, పడమటి వసారా సగమూ ఫోటోలో పడలేదు. ఆమె చూసి, “ఆఁ, ఇది మనిల్లు” అంది.

సాయంత్రం ఆమె తులసికోట దగ్గర దీపం పెడుతుండగా ఒక ఫోటో తీశాను. ద్వారం పూర్తిగా తెరిచినా ఒక సెకను పట్టింది. ఇల్లు కదలదన్న నా తర్కంలో మనుషులు లేరు. ఎఫ్ 2.8 లెన్సయితే అర సెకను చాలేది. అప్పటికీ ఆమె చెయ్యి ఆగేది కాదనుకోండి.

2010 సంక్రాంతి వెళ్ళాక ఇల్లు విప్పారు. ఆ ఫోటో బాబాయి కొత్త ఇంటి హాలులో ఉంది. స్తంభాలు, చూరు, తులసికోట అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఒత్తిని ఎగదోస్తున్న నాయనమ్మ చెయ్యి మాత్రం పొగలా ఉంది.