గండికోట వెళుతున్నారా? చెమటను నమ్మకండి!

సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా ఓ.పి.కి వచ్చేవారి ప్రశ్నలు మారిపోతాయి. "డాక్టరు గారూ, వ్యాను మాట్లాడుకుని గండికోట, బెలుం గుహలు చూసి రావాలనుకుంటున్నాం. మా నాన్నగారికి బి.పి. ఉంది. తీసుకువెళ్ళవచ్చా?" అని తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఒక అమ్మాయి అడిగింది. "తప్పకుండా వెళ్ళండమ్మా. కాని ముందు నేను చేసిన తప్పు ఒకటి విని వెళ్ళండి" అన్నాను. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతాను.

మా చిన్నతనంలో కాశీ రామేశ్వరాలకు స్పెషల్ బస్సులు వేసేవారు. టాపు మీద బియ్యం బస్తాలు, గుండిగలు, వెనక సీట్లో వంటమనిషి. చెట్టు కనిపించినచోట ఆపి వండుకు తినడం, సత్రం దొరక్కపోతే బస్సులోనే నిద్ర. ఇప్పుడు అమెరికాలో ఉన్న మన పిల్లలు మంచం, వంటగది ఉన్న ఇల్లుబండి అద్దెకు తీసుకుని అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ చూసి ఫోటోలు పంపుతున్నారు. ఆ ఫోటోలు చూశాకే మా రెండు కుటుంబాలకూ గండికోట మీదికి మనసు పోయింది. కొన్నేళ్ళ క్రితం మార్చి నెలాఖరున వ్యాను మాట్లాడుకుని, స్టవ్వు, బియ్యం, ఆవకాయ జాడీ సర్దుకుని ఏలూరులో బయలుదేరాం.

విజయవాడ, గుంటూరు, నరసరావుపేట దాటేవరకు మనకు తెలిసిన నేలే. వినుకొండ దాటాక గాలిలో తడి తగ్గుతుంది. మార్కాపురం, గిద్దలూరు, నల్లమల ఘాటు, నంద్యాల. ఏలూరు నుంచి నాలుగు వందల కిలోమీటర్లకు పైనే. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు పోతే ఎర్రమల కొండలను పెన్నానది నిలువుగా కోసిన చోటు వస్తుంది. ఆ గండి పేరే కోటకు వచ్చింది. అంచున నిలబడి చూస్తే 300 అడుగుల లోతున సన్నని నీటి చార. ఇటుకలు పేర్చినట్టు ఎర్రని రాతి పలకలు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. లోపల మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారం ఉన్నాయి. టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు 1652లో ఇక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలుసుకున్నాడు. కొల్లేటి పల్లంలో పుట్టి, కొండంటే ఎరగని మాకు నోట మాట రాలేదు.

మా బావగారు, అంటే నా భార్యకు అన్నగారు, తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేస్తారు. వయసు 62. బి.పి.కి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతున్నారు. "బావగారూ, చూశారా! పదకొండైనా ఒక్క చుక్క చెమట లేదు. మన ఊరికంటే ఇక్కడే హాయిగా ఉంది" అన్నారు. నేనూ నా చొక్కా తడుముకుని "నిజమే" అన్నాను. ముప్పై ఏళ్ళుగా వడదెబ్బ రోగులను చూస్తున్న డాక్టరును నేను!

నదిదాకా దిగి వద్దామన్నారు. దిగాం. తిరిగి ఎక్కేటప్పుడు ముందు ఆయన పిక్కలు పట్టేశాయి. తరువాత కారణం లేకుండా మేనల్లుడిని కసురుకున్నారు. మరి కాసేపటికి కిందనున్న పెన్నను చూపిస్తూ "తమ్మిలేరు ఎప్పుడు తగ్గిందిరా?" అని అడిగారు. పిల్లలు నవ్వారు. నాకు గుండె జారిపోయింది. అది హాస్యం కాదు, వేడి మెదడుకు ఎక్కిన గుర్తు. ఒళ్ళు ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. థర్మామీటరు, ఉప్పు పొట్లాలు, మందుల పెట్టె అన్నీ వ్యానులో భద్రంగా ఉన్నాయి!

అసలు జరిగిందేమిటి? మన ఒంటిని చల్లబరిచేది చెమట కారడం కాదు, ఆరడం. కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట ఆరదు. చొక్కా అంటుకుంటుంది, తువ్వాలు తడుస్తుంది, "అబ్బ, ఉక్క!" అని నీడకు చేరి చెంబుడు నీళ్ళు తాగుతాం. మనకు పుట్టినప్పటినుంచీ అదే కొలత. పొడిగాలిలో చెమట పట్టిన క్షణాన ఆరిపోతుంది. ఎండలో నడిచే మనిషి గంటకు లీటరు నీరు పోగొట్టుకున్నా చొక్కా పొడిగానే ఉంటుంది. బాగా ఎండిపోయేసరికి చెమట తగ్గి, లోపలి వేడి పెరిగిపోతుంది. వయసు మళ్ళినవారికి దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. కనుక అక్కడ చెమటను గాని, దాహాన్ని గాని నమ్మకండి. గడియారాన్ని, మూత్రాన్ని నమ్మండి.

గడియారం సంగతి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. ఎండలు మొదలయ్యాక వెళితే పొద్దుటే చూసి తొమ్మిదింటికల్లా నీడకు చేరండి, మళ్ళీ సాయంత్రం బయటికి రండి. గండి రంగులు బాగుండేదీ ఆ వేళల్లోనే. కొండ ఎక్కేవాడు అలిసిపోతే వెనక్కి దిగిపోతాడు. లోయలోకి దిగినవాడు అలిసిపోయాక ఎక్కాలి. దిగేముందే ఇది ఆలోచించుకోండి.

నీటి సంగతి. నడిచే గంటకు ముప్పాతిక లీటరు, కొంచెం కొంచెంగా తాగాలి. అయితే ఉప్పు తగలకుండా గంటల తరబడి ఉత్త నీళ్ళే తాగినా ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, మతి తప్పడం వస్తాయి. గ్రాండ్ కాన్యన్‌లో నడిచేవారిలో ఇలాంటి కేసులు వైద్యులు చూశారు. కనుక మధ్యమధ్య ఉప్పు వేసిన మజ్జిగో, ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపిన నీళ్ళో తాగండి. పొట్లం లేకపోతే లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ చిన్న చెంచాతో తలగొట్టి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో తమ డాక్టరును అడిగి వెళ్ళాలి.

మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, ఐదారు గంటలు రాకపోయినా ఒంట్లో నీరు చాలలేదని అర్థం. దారిలో మరుగు దొరకదని మన ఆడవాళ్ళు నీళ్ళు తాగడమే మానేస్తారు. అది సిగ్గుపడవలసిన విషయం కాదు. బస్సు ఎక్కడ ఆగుతుందో ముందే అనుకుని బయలుదేరండి.

మూత్రం పోయే మాత్రలు వాడేవారు సొంతంగా ఆపవద్దు, వారం ముందు డాక్టరును కలవండి. ఇన్సులిన్ వాడేవారికి ఒక మాట. మన కొల్లేటి వైపు చేపల ఐసుపెట్టెలో సీసా పడేసి తెచ్చేవారిని చూశాను. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఐసుకు తగలకుండా గుడ్డలో చుట్టి పెట్టండి.

వ్యాను లోపల స్టవ్వు వెలిగించకండి. అద్దాలు మూసి, ఇంజను నడిపించి, ఏ.సి. వేసుకుని నిద్రపోకండి. వాసన లేని విషవాయువు లోపల చేరితే నిద్రలోనే ప్రాణం పోతుంది. ఆగి ఉన్న బండిలో పిల్లలను ఒక్క నిముషం కూడా వదలకండి. బెలుం గుహల్లో ఎండ ఉండదు గాని, లోపల గాలి ఆడక మన ఉక్కే ఉంటుంది. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు తొందర లేకుండా నడవాలి.

ఎండలో మనిషి తేడాగా మాట్లాడితే వడదెబ్బే అనుకోండి. 108కి ఫోను చేయించి, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి. జ్వరం మాత్ర పనిచేయదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

మేమూ అదే చేశాం. బావగారిని మోసుకొచ్చి నీడన పడుకోబెట్టి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ ఒంటిమీద గుమ్మరించి, తువ్వాళ్ళతో విసిరాం. జమ్మలమడుగు చేరేసరికి నన్ను గుర్తుపట్టారు. సెలైను పెట్టించి రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచాం. మనిషి దక్కారు. మా అక్కగారు మాత్రం "మీరు పక్కనుండగానే ఇలా జరిగిందేమిటి, అన్నయ్యగారూ?" అన్నారు. ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.

ఆ మరుసటి డిసెంబరులో బావగారు మళ్ళీ గండికోట వెళ్ళారు. ఈసారి మందుల పెట్టె ఆయన భుజానే ఉంది. మీరూ వెళ్ళి రండి. కాని ఒళ్ళు చల్లగా, చొక్కా పొడిగా ఉంది కదా అని మురిసిపోయే వేళ, ముందు నీళ్ళసీసా మూత తీయండి.