ముక్కుతో మొదలై ఊపిరి దాకా

మా కోనసీమలో జలుబును ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. చుట్టూ గోదావరి పాయలు, కాలవలు, కొబ్బరితోటల నీడ, ఏడాది పొడుగునా గాలిలో చెమ్మ. ముక్కు కారితే "మంచు పడలేదు" అనో "నీళ్ళు మారాయి" అనో తేల్చేసి మిరియాల పాలు కాచిస్తారు. నాకూ అలాగే ఇచ్చారు. నాది జలుబు కాదని తెలియడానికి ఏళ్ళు పట్టింది.

అంబాజీపేట దగ్గర కొబ్బరి వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చాను. పెరట్లో కాయల రాశి, పక్కన డొక్కల గుట్ట, మేం పడుకునే గది పైన అటక నిండా కురిడీకి వేసిన కాయలు. ఒలుపు జరిగే రోజుల్లో పీచు పొడి గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చేది. పొద్దున్న లేస్తూనే తుమ్ములు. ఒకటి మొదలైతే చాలు, ఒళ్ళంతా అదిరిపోయి కూలబడేదాకా ఆగేవి కావు. కళ్ళు దురద, అంగిలి దురద, చెవుల లోపల కూడా దురద. రాత్రి ముక్కు రెండువైపులా బిగుసుకుపోయి నోటితో ఊపిరి పీల్చేదాన్ని. తెల్లారేసరికి నాలుక చెక్కలా ఎండిపోయేది. వాసన పూర్తిగా పోయింది. వరదనీరు వచ్చి పులస పులుసు పెట్టిన రోజున ఇంటిల్లిపాదీ లొట్టలేస్తుంటే నాకు ఉప్పూ కారమూ తప్ప ఏమీ తెలిసేది కాదు. వంట చేసిందీ నేనే.

మందుల షాపులో అడిగితే ముక్కులో వేసుకునే చుక్కల మందు ఇచ్చారు. వేసిన నిమిషాల్లో ముక్కు తెరుచుకుంది, దేవుడు కనిపించాడనుకున్నాను. ఆ మందు ముక్కులోని రక్తనాళాలను బిగిస్తుంది. వరసగా కొన్ని రోజులు దాటి వాడితే, దాని పట్టు వదలగానే అవి ముందుకన్నా ఎక్కువగా ఉబ్బుతాయి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నెలల తరబడి ఆ సీసా తలగడ కిందే ఉండేది.

అప్పుడే హోమియోకి వెళ్ళాను. మా వైపు హోమియో పరాయి వైద్యం కాదు. గుడివాడలో హోమియో కళాశాల 1945 నుంచీ ఉంది. రాజమండ్రిలోని ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలకు అల్లు రామలింగయ్య గారి పేరే పెట్టారు. పాలకొల్లులో పుట్టిన ఆయన తెర మీద నవ్విస్తూనే హోమియో మందులిచ్చిన మనిషి.

రాజోలులో నేను వెళ్ళిన డాక్టరుగారు పెద్దాయన. నన్ను కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ గుర్తే. "ముక్కునీరు తగిలిన చోట పై పెదవి మండుతుందా అమ్మా? కంటినీరు కూడా మండుతుందా? గదిలో ఎక్కువా, ఆరుబయట ఎక్కువా? దాహం ఎలా ఉంటుంది? వాన ముందు భయం వేస్తుందా?" అంతవరకూ ఏ ఆసుపత్రిలోనూ నా బాధ పూర్తిగా చెప్పనివ్వలేదు. ఆ రోజు చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. ఆయన ఎల్లియం సీపా ఇచ్చారు. అంటే ఉల్లిపాయే. ఉల్లి కోస్తే ముక్కూ కళ్ళూ కారతాయి కనక, అలా కారే మనిషికి అదే మందు అన్నది హోమియోని మొదలుపెట్టిన హానిమన్ సూత్రం. కాఫీ, పచ్చి ఉల్లి, కర్పూరం మానమన్నారు. చుక్కల మందు కూడా మానిపించారు.

కొన్ని నెలలు నిజంగా తేలికపడ్డాను. అది గోలీల వల్లేనని నమ్మాను. ఇప్పుడు ఆలోచిస్తే చుక్కల మందు ఆపడమే పెద్ద మేలు. పైగా అవి ఎండాకాలపు నెలలు. ముక్కు ఎలర్జీ దానంతటదే తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది.

2022 జూలైలో గోదావరి లంకల మీదికి వచ్చింది. వరద తీశాక లంకలోని మా పుట్టింటికి వెళ్ళి బురద ఎత్తి, తడిసిన పరుపులు బయటికి లాగి, బూజు పట్టిన గోడలు కడిగి వచ్చాను. ఆ చలికాలం గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆసుపత్రిలో ఇన్‌హేలర్ రాస్తే మా బంధువుల్లో ఒకరు "అది అలవాటైపోతుంది, ఇంగ్లీషు మందు వాడితే హోమియో పని చెయ్యదు" అని పట్టుబట్టి మాన్పించారు.

ఒక రాత్రి ఊపిరి అందలేదు. పడుకోలేను, మాట రాదు. మంచం అంచున చేతులు ఆనించి ముందుకి వంగి కూర్చున్నాను. ప్రతి ఊపిరికీ మెడ నరాలు లోపలికి లాక్కుపోతున్నాయి. మా ఆయన రాజోలు డాక్టరుగారికి ఫోన్ చేశారు. ఆయన అవతల నుంచి నా ఊపిరి చప్పుడు విని, "గోలీలు వేస్తూ కూర్చోకండి బాబూ, ఇది నా మందుతో ఆగేది కాదు, ఈ క్షణమే అమలాపురం తీసుకెళ్ళండి" అన్నారు. ఆ మాటే నన్ను బతికించింది.

మాస్కుతో మందు ఆవిరి పట్టి, ఆక్సిజన్ పెట్టారు. తెల్లారాక డాక్టరమ్మ వివరంగా చెప్పింది. ముక్కూ ఊపిరితిత్తులూ ఒకే దారి. ముక్కు ఎలర్జీని ఏళ్ళ తరబడి వదిలేసిన వాళ్ళలో ఆస్తమా ఎక్కువగా కనిపిస్తుంది. పరుపుల్లో, తలగడల్లో కంటికి కనపడని దుమ్ముపురుగులు చెమ్మ ఉన్న చోట బాగా పెరుగుతాయి, మన ఊళ్ళలో చెమ్మకేం కొదవ అంది. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే ఇచ్చి, కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, మధ్య గోడకి తగలకుండా బయటివైపుకి కొట్టమని దగ్గరుండి నేర్పింది. ఇది చుక్కల మందులా నిమిషాల్లో పనిచెయ్యదు, పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాలైనా పట్టొచ్చు, మానకు అంది. దుప్పట్లు వేణ్ణీళ్ళలో ఉతకమంది. అటక మీది కాయల్ని మా ఆయన వేరే కొట్లోకి మార్పించారు. మెల్లగా వాసన తిరిగొచ్చింది. మొదట తెలిసింది కాఫీ పొడి.

తర్వాత పుస్తకాలు తిరగేశాను. పుప్పొడి వల్ల కూడా ఇలాంటి తుమ్ముల జబ్బు వస్తుందని తన ఒంటి మీదే పరీక్షలు చేసి 1873లో ప్రకటించిన చార్లెస్ బ్లాక్లీ మాంచెస్టర్‌లో హోమియో వైద్యుడే. ఆయన మీద నాకెంతో గౌరవం. 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పుప్పొడి ఎలర్జీకి హోమియో మేలు చేసినట్టు చూపింది. కానీ 2015లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి అంతవరకూ జరిగిన పరిశోధనలను వడపోసి, హోమియో ఏ జబ్బుకైనా పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ రుజువు లేదని తేల్చింది. హోమియోలో ముప్ఫై పొటెన్సీ అంటే ఒక వంతును నూరు వంతుల్లో కలపడం ముప్ఫైసార్లు. అందులో ఉల్లిపాయ అణువు ఒక్కటి కూడా మిగిలే వీలు లేదు. నా అనుభవమూ ఆ తీర్పు వైపే ఉంది.

హోమియో మీద నమ్మకం ఉన్నవాళ్ళతో నాకు పేచీ లేదు. ఆ డాక్టరుగారి దగ్గరికి ఇప్పటికీ పండక్కి వెళ్ళి నమస్కారం పెట్టి వస్తాను. ఒక్కటే బతిమాలుతున్నాను. పిల్లికూతలు వినిపిస్తే, రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటే, మాట మధ్యలో ఆయాసం వస్తే 108కి ఫోన్ చెయ్యండి. గోలీలు వేసుకుంటున్నామని ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి, ఎవరు చెప్పినా సరే.