కూలిన మిద్దె కర్రతో బల్ల

మట్టిమిద్దె గోడ చాలాసార్లు వానలో కూలదు. నాని నాని, వాన వెలిసి ఎండ తగిలాక కూలుతుంది. 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను పోయాక తర్లుపాడులో మా ఇంటి పడమటి గోడ అట్లాగే పోయింది. వాన ఆగింది కదా అని అమ్మ గోడవార గంపలు సర్దుకుంటోంది. దూలం పక్కన పడింది, మట్టి మాత్రం ఆమె నడుం దాకా వచ్చింది. ఒక్క కేక వేసి ఊరుకుంది. మట్టి తీసేసరికి ఎడమ కాలు పక్కకు తిరిగిపోయి, కుడికాలి కంటే పొట్టిగా కనబడింది. తుంటి విరిగితే కాలు అట్లాగే ఉంటుందని తర్వాత ఒంగోలులో చెప్పారు.

మా పడమటి ఊళ్ళలో ఏళ్ళ తరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగినవాళ్ళు ఎంతమందో. అమ్మకు కీళ్ళు ముందే బిగుసుకుపోయి ఉన్నాయి. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసిననాడు ఆమె బిందె చంకనెత్తుకుని చకచకా నడిచేది. ఆ నీళ్ళ కోసం చూస్తూనే ముసలిదైపోయింది.

ఆపరేషను చేసి పంపిస్తూ డాక్టరు గట్టిగా చెప్పారు. కింద కూర్చోకూడదు. కాలు మీద కాలు వేయకూడదు. కుర్చీలో కూర్చున్నా మోకాలు తుంటికంటే పైకి రాకూడదు. అమ్మ పుట్టినప్పటి నుంచీ నేలమీద కూర్చుని తిన్న మనిషి. మంచం మీద అన్నం తింటే ఇంటికి అరిష్టమని నమ్మే మనిషి. పళ్ళెం ఒళ్ళో పెడితే చేయి వణికి మెతుకులు పక్క మీద పడేవి. నాలుగు ముద్దలు తిని చాలనేది. ఆకలి లేదేమో అనుకున్నాం. ఒకరాత్రి నా భార్య కనిపెట్టింది, పక్క మీద ఎంగిలి చేయడం ఇష్టంలేక పస్తులుంటోందని. ఆపరేషను నొప్పికి కూడా కళ్ళనీళ్ళు పెట్టని అమ్మ ఆ మాట అడిగితే ఏడ్చింది.

బల్ల కావాలి. మార్కాపురంలో దొరుకుతాయి. మా చేతికందే ధరలో ఉన్నవి పొట్టు అతికించిన అట్టలవి, ఆమె ఆనుకుని లేస్తే నిలిచేవి కావు. గట్టివి కొందామంటే ఆసుపత్రి అప్పుకే నూటికి రెండు రూపాయల వడ్డీ కడుతున్నాం. కూలిన ఇంటి కర్ర వాకిట్లో కుప్పగా పడి ఉంది. పాతకర్ర బేరగాడు అప్పటికే వచ్చి, తలుపులూ దంతెలూ మొత్తానికి ఒక ధర చెప్పి, తూకానికి ఇనుము కొన్నట్టు నిలబడ్డాడు. మా ప్రాంతం మిద్దెలు కూలిన ప్రతిసారీ నల్లమల కర్ర ఇట్లాగే నీళ్ళ ధరకు లారీలెక్కి పోతోంది. నాకది అన్యాయంగానే కనబడుతుంది. ఇవ్వనన్నాను.

దంతెలు నారేపివి. ఇనుములాంటి కర్ర, నీళ్ళలో వేస్తే మునుగుతుంది. కోతమిల్లుకు తోలుకుపోతే లోపల మేకులుంటాయని, బ్లేడు పోతుందని తీసుకోలేదు. వాళ్ళ మాటా నిజమే. పని మానేసిన ఒక పెద్దాయన ఉన్నారు మా ఊళ్ళో, వడ్రంగి. కాళ్ళావేళ్ళా పడితే వచ్చారు.

"నాయనా, కొయ్యడం నా వల్ల కాదు. నువ్వు కొయ్యి, నేను కూర్చుని చెప్తా" అన్నారు.

పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతంతో దంతె పొడుగునా తడిమి, అతుక్కున్నచోట సుద్దతో గుర్తు పెట్టాం. నాలుగు పలకల పాత మేకులు. తుప్పు పట్టి, పటకారుతో పట్టగానే తల ఊడొచ్చి, మొల లోపలే ఉండిపోయేది. చుట్టూ ఉలితో తొలిచి పీకాలి. రంపం పట్టుకుంటే అరచేతుల తోలు ఊడింది. గుడ్డ చుట్టుకుని కోశాను. పగలు పొలం పని, రాత్రి బల్బు కింద ఇది. మధ్యలో అమ్మ లోపలి నుంచి పిలిస్తే రంపం దించి ఆమెను లేపి నడిపించి రావాలి. విసుగు వచ్చిన రాత్రులున్నాయి. అప్పుడు బేరగాడి ధర గుర్తుకొచ్చేది.

తరాల పొయ్యి పొగకు దంతెలు నల్లగా మసి పట్టి ఉన్నాయి. చిత్రిక పట్టేకొద్దీ ఆ నలుపు కింద ముదురు ఎరుపు తేలింది. పెద్దాయన దానిమీద తడిచేయి రాసి చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

పశువుల కొట్టంలో పాతిన పాత రైలు స్లీపరు ఇస్తామన్నారు ఎవరో. మీటరుగేజి పట్టాలు తీసేసిన రోజుల్లోది. పెద్దాయన వద్దన్నారు. చెదలు పట్టకుండా దానికి తారునూనె పట్టిస్తారు, అన్నం తినేచోట పనికిరాదు. గడపను అమ్మ తాకనివ్వలేదు. పొరలుపొరలుగా పసుపు పట్టిన చెక్క అది. "కొత్తిల్లు కట్టినప్పుడు అదే పెట్టాలి, కాళ్ళు చెక్కడానికి కాదు" అంది. పక్కన పెట్టాం.

దంతెలు కాళ్ళూ అడ్డకర్రలూ అయ్యాయి. టేకు తలుపు రెక్కలు రెండూ పై చెక్క అయ్యాయి. నారేపిలోకి మేకు దిగదు, వంగిపోతుంది. బర్మాతో బెజ్జాలు కొట్టి వెదురు చీలలు దిగగొట్టాం. గొళ్ళెం ఉన్నచోట పడ్డ కంతను రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి పూడ్చి, పైన అవిసెనూనె రాశాం. నేల ఎగుడుదిగుడు కనక ఒక కాలు ఆడింది. మార్కాపురం పలక ముక్క ఒకటి కిందకు తోశాక కదల్లేదు.

అమ్మ ఎత్తుకు తగ్గట్టు కుర్చీ కింద చెక్కదిమ్మలు కొట్టి కూర్చోబెట్టాం. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని తనంతట తాను లేచి చూసింది, మళ్ళీ కూర్చుంది. ఆ పూట పప్పన్నం రెండోసారి పెట్టించుకుంది. పెద్దాయన కూలి తీసుకోలేదు, పక్కన కూర్చుని తిని వెళ్ళారు. గోడ ఇంకా లేవలేదు. అటువైపు రేకులు అడ్డం పెట్టుకుని ఉంటున్నాం.